తెలుగు అక్షరాల బిళ్ళలు: మా ఇంటి పదాల ఆట తయారీ డైరీ

ఇంట్లో తెలుగులో పదాల ఆట తయారు చేసుకుందాం అనుకునేవాళ్ళు మేం చేసిన తప్పులు మళ్ళీ చేయకూడదని ఇది రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు దశలు, 24 ఆటలు అయ్యాయి. సంచిలోంచి ఏడేసి అక్షరాల బిళ్ళలు తీసుకుని, బోర్డు గళ్ళలో అడ్డంగా, నిలువుగా పదాలు పేర్చి మార్కులు తెచ్చుకునే ఇంగ్లీషు ఆట స్క్రాబుల్‌ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే పనిచేయదు, మేం చేసిన మార్పులన్నీ దాదాపు అక్కడి నుంచే వచ్చాయి.

ఆడేవాళ్ళం నలుగురం. అత్తయ్యగారు రిటైరైన తెలుగు టీచరు, ఆదివారం పేపర్లో గడినుడి పూర్తి చేయకుండా టిఫిన్ తినరు. మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే పాప, నేను. నేను పుట్టి పెరిగింది కరీంనగర్ వైపు, కాపురం కాకినాడలో. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో మూడో దశ చదివితే తెలుస్తుంది.

దశ 1: గుణింతం గుర్తులు విడిగా (వదిలేశాం)

ముందు లెక్క. ఒక్కో బిళ్ళ మీద పూర్తి అక్షరం ఉండాలంటే 34 హల్లులు, ఒక్కోదానికి 13 గుణింతాలు, అంటే 442. అచ్చులు 13 కలిపితే 455. ఒత్తులు ఇంకా లెక్కలోకే రాలేదు. ఒక్కో అక్షరానికి ఒక్క బిళ్ళ చేసినా సంచిలోంచి తీసిన ఏడింటితో పదం కుదిరే అవకాశం దాదాపు ఉండదు. కాబట్టి గుణింతం గుర్తులు విడి బిళ్ళలుగా చేశాను, 50 అక్షరాలు, 50 గుర్తులు. అటకమీద దాచిన శుభలేఖల అట్ట మందంగా ఉంటుంది, దాన్నే కత్తిరించాను.

మూడు ఆటలకే తేలిపోయిన సమస్యలు:

1. "తెలుగు" మూడక్షరాల మాట. బోర్డు మీద ఆరు గళ్ళు తినేసింది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము.
2. పైనుంచి కిందికి చదివేటప్పుడు కొమ్ము ఒక్కటే ఒక గడిలో వేలాడుతూ ఉంటుంది. కళ్ళు దాన్ని అక్షరంతో కలుపుకోవు. పాప రెండుసార్లు తప్పు చదివింది, అత్తయ్యగారు ఒకసారి.
3. రెండో ఆటలో నా చేతికి వచ్చిన ఏడింట్లో ఆరు గుర్తులే. అక్షరం లేకుండా గుర్తులతో ఏం చేయగలం? వరసగా మూడు వంతులు వదులుకున్నాను.

ఖర్చు: 0. సమయం: 4 గంటలు.
గెలుపులు: అత్తయ్యగారు 2, ఆయన 1, పాప 0, నేను 0.

దశ 2: హల్లు బిళ్ళ, గుణింతం మార్కర్‌తో

దారి గడినుడిలోనే ఉంది. అందులో గుణింతం, ఒత్తు అన్నీ కలిపి ఒక్క గడి. ఒకే అక్షరంగా లెక్క. బిళ్ళ మీద హల్లు మాత్రమే ఉంచి, గుణింతాన్ని వైట్‌బోర్డు మార్కర్‌తో ఆడేవాళ్ళే రాసి, ఆట అయ్యాక తుడిచేస్తే సరిపోతుందని అత్తయ్యగారు అన్నారు. మొత్తం ప్రాజెక్టులో అతి పెద్ద మార్పు ఇదే, ఆలోచన ఆవిడది.

చేసిన విధానం:

1. అట్ట ముక్క మీద అక్షరం రాసి, పైన రెండంగుళాల సెల్లో టేపు అతికించాలి. టేపు మీద మార్కర్ తుడిస్తే పోతుంది.
2. క బిళ్ళ మీద ఏమీ రాయకపోతే అది "క". దీర్ఘం, గుడి, కొమ్ము, సున్నా ఏది కావాలన్నా రాసుకోవచ్చు, ఉచితం.
3. ఒత్తు మాత్రం ఉచితం కాదు. "అమ్మ" రాయాలంటే అ, మ, ఇంకో మ కావాలి. రెండో మ బిళ్ళని మొదటి మ కింద పెట్టి, పైదాని మీద ఒత్తు రాయాలి. గళ్ళు రెండు, బిళ్ళలు మూడు.
4. ఒకసారి రాసిన గుణింతం మారదు. అడ్డంగా "కౌ" ఉంటే నిలువుగా వచ్చే పదంలోనూ అది "కౌ" గానే ఉండాలి.

నాలుగో నియమాన్ని నేను మామూలు నియమం అనుకునే పెట్టాను. అత్తయ్యగారు దాన్ని ఆయుధం చేసుకున్నారు. పదం మార్కుల్ని మూడు రెట్లు చేసే గడి దగ్గరికి నేను వెళ్ళబోతున్నానని చూసి, దాని పక్క గడిలో కౌ పడేలా "కౌలు" రాసేశారు. కౌ దాదాపు ఎప్పుడూ పదం మొదట్లోనే వస్తుంది, కాబట్టి ఆ గడి మీదుగా కిందికి పోవాలంటే కౌగిలి లాంటి మాటే వేయాలి, పైనుంచి దానిలోకి దిగడం అసలు కుదరదు. మా ఆయన "అమ్మా, ఇది పదం రాయడం కాదు, తాళం వేయడం" అన్నారు. "తాళంచెవి వెతుక్కో నాన్నా" అని ఆవిడ బిళ్ళలు తీసుకున్నారు. నియమం మార్చాలని ఆ రాత్రి ఓటు పెట్టాం, మార్చకూడదనే గెలిచింది. నేనూ మార్చొద్దనే వేశాను, ఆటకి పదును వచ్చింది దానివల్లే.

తప్పిన విషయాలు ఈ దశలో:

బోర్డు. ఇంగ్లీషు ఆటలో లాగే 15 గళ్ళు 15 వరసలు పెట్టి, 25 మిల్లీమీటర్ల గడితో ఫ్లెక్సీ ప్రింట్ చేయించాను. ఆరు ఆటల్లో ఒక్కసారి కూడా అంచు వరసకి చేరలేదు. కారణం ఆలోచిస్తే తేలికే. మన పదాలు రెండు మూడు అక్షరాల్లో అయిపోతాయి, పైగా 100 బిళ్ళల్లో 20 నుంచి 25 దాకా ఒత్తుల కింద పోతాయి. మూల గళ్ళలో మూడు రెట్ల మార్కులు ఉన్నా అక్కడికి వెళ్ళేవాళ్ళే లేరు. ఆ ఫ్లెక్సీ 120 రూపాయలు దండగ. ముందు చార్టు మీద గీసి రెండు ఆటలు ఆడి అప్పుడు ప్రింట్ చేయించుకోండి.

అచ్చులు. ఇంగ్లీషులో 98 అక్షరాల బిళ్ళల్లో 42 అచ్చులు. నేను 30 పెట్టాను, అదీ ఎక్కువే. తెలుగులో అచ్చు విడి అక్షరంగా పదం మొదట్లోనే వస్తుంది, మధ్యలో అది గుణింతంగా మారిపోతుంది. ఆట చివర అందరి చేతుల్లో ఉ, ఎ, ఇ మిగిలిపోయేవి, వాటికి చోటు దొరికేది కాదు.

మార్కర్. ఒక రాత్రి బోర్డు అలాగే వదిలేసి పడుకున్నాం. పొద్దున్నకి ఇంకు టేపుకి పట్టేసింది, గుడ్డతో పోలేదు. దానిమీదే మళ్ళీ అదే మార్కర్‌తో గీసి, తడి ఆరకముందే తుడిస్తే పాతదీ కొత్తదీ కలిసి వచ్చేస్తాయి. మరీ మొండిగా ఉంటే చేతులకి రాసుకునే శానిటైజర్ చుక్క.

ఖర్చు: ఫ్లెక్సీ 120, టేపు 45, మార్కర్లు రెండు 60. ఈ దశకి 225, మొత్తం 225.
సమయం: మొత్తం 11 గంటలు.
గెలుపులు, మొదటి నుంచి మొత్తం 9 ఆటలకి: అత్తయ్యగారు 6, ఆయన 2, పాప 1, నేను 0.

దశ 3: చెక్క బిళ్ళలు, లెక్కింపు, తొవ్వ

అట్ట బిళ్ళలు అంచులు లేచిపోయాయి. 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో 22 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు వీధి చివర వడ్రంగి కోసిచ్చాడు. గడి 25, బిళ్ళ 22. గడికి సమానంగా చేస్తే వేళ్ళు పట్టవు, ఒకటి తీయబోతే పక్కది కదులుతుంది, అట్టతో అది చూశాం.

పట్టీని ముక్కలు చేయడం నా పని, హాక్సా బ్లేడుతో. మొదటి పది ముక్కలు స్కేలుతో గీసి కోశాను. కొలిస్తే 21 నుంచి 24 దాకా ఉన్నాయి, అడుగువైపు పీచు లేచింది. మార్చినవి:

1. చెక్క పీట మీద ఒక అడ్డముక్కని మేకులతో బిగించాను. పట్టీ దానికి ఆనించి కోస్తే ప్రతి ముక్కా ఒకే పొడవు. తర్వాతివి అర మిల్లీమీటరు కంటే ఎక్కువ తేడా రాలేదు.
2. కోసే గీత చుట్టూ టేపు చుట్టి కోశాను. పీచు ఆగింది.
3. 120 నంబరు ఉప్పుకాగితం నేలమీద పరిచి, బిళ్ళని దానిమీద రుద్దాలి. కాగితాన్ని చేత్తో పట్టుకుని రుద్దితే అంచులు గుండ్రమైపోతాయి. చివర 220 నంబరు.

అక్షరాల ప్రింటు దగ్గర ఒక వారం పోయింది. కంప్యూటర్‌లో "క" కొడితే తలకట్టుతో వస్తుంది. దానిమీద గుడి రాస్తే తలకట్టు, గుడి రెండూ కనపడతాయి, చూడటానికి ఎబ్బెట్టు, చదవడానికి కష్టం. ల, ట, బ, జ లాంటివాటికి తలకట్టు లేదు కాబట్టి ఇబ్బంది లేదు, మిగతా వాటన్నిటికీ ఉంది. అత్తయ్యగారు నల్ల స్కెచ్ పెన్నుతో తలకట్టు లేకుండా హల్లులన్నీ గళ్ళ కాగితం మీద రాసిచ్చారు. దాన్ని స్కాన్ చేసి స్టిక్కర్ షీట్ల మీద ప్రింట్ తీయించాం. ఇప్పుడు మా బిళ్ళలన్నీ ఆవిడ చేతిరాతే. నలభై ఏళ్ళ క్రితం ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దిన మా ఆయన, ఆ క చూడగానే పలక గుర్తొచ్చిందన్నారు.

అక్షరం ఎత్తు 12 మిల్లీమీటర్లు. పైన 4 గుణింతానికి, కింద 6 ఒత్తుకి. మార్కు అంకె కుడివైపు కింద వేయకండి, ఒత్తు సరిగ్గా అక్కడే పడుతుంది. ఎడమవైపు పై మూలకి మార్చాను.

చెక్క వచ్చాక ఒత్తు పద్ధతి దెబ్బతింది. రెండు బిళ్ళలు పేరిస్తే 8 మిల్లీమీటర్లు దాటుతుంది, చెయ్యి తగిలితే పడిపోతుంది. 11వ ఆటలో మధ్యలో మూడు పదాలు చెదిరి, ఏది ఎక్కడుందో గుర్తులేక ఆట రద్దు చేశాం. ఇప్పుడు ఒత్తు బిళ్ళని అందరికీ చూపించి ఒక స్టీలు గిన్నెలో వేసేస్తాం, మార్కులు మాత్రం లెక్కలోకి వస్తాయి. ఒత్తుల గిన్నె అంటాం. పనిముట్టు మార్చకుండా నియమం మార్చి బాగుచేసిన చోటు ఇదొక్కటే.

లెక్కింపు. ఇంగ్లీషు ఆటని తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ పత్రికల్లో అక్షరాలు లెక్కపెట్టి ఏ బిళ్ళలు ఎన్ని ఉండాలో తేల్చాడు. ఆట రూపు 1938 నాటిది, స్క్రాబుల్ పేరు 1948లో వచ్చింది. నేనూ పేపరు ముందేసుకుని మూడు రాత్రుళ్ళు 1000 అక్షరాలు లెక్కపెట్టాను. విడి అచ్చులు 64 మాత్రమే వచ్చాయి. ర, ల, న, క, త, మ ముందున్నాయి. ఝ, ఞ, ఙ విడిగా ఒక్కటి కూడా లేవు. ఆ లెక్కతో అచ్చులు 30 నుంచి 16కి తగ్గించాను. వెయ్యికి 64 చొప్పున చూస్తే 16 కూడా ఎక్కువే, కానీ ఆటలో పదాలు పొట్టివి, మొదలయ్యే చోట్లు ఎక్కువ, అందుకని ఉంచాను. అ, ఆ రెండూ ఒకే బిళ్ళ మీద ప్రింట్ చేశాం, ఏదైనా అనుకోవచ్చు.

పదాల తగువులు ఈ దశలోనే ముదిరాయి.

మొదటిది ము. అత్తయ్యగారి దగ్గర బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ఉంది, 1885 నాటి నిఘంటువు. అందులో దేశం ఉండదు, దేశము ఉంటుంది. ఆవిడ దర్జాగా దేశము రాసి ఒక గడి ముందుకెళ్ళి మూడు రెట్లు అందుకునేవారు. సున్నా రాసేవాళ్ళకి ఆ అవకాశం లేదు. ఓటు పెట్టాం, ము వద్దని ముగ్గురం, కావాలని ఆవిడ ఒక్కరు. ఆవిడ ఒప్పుకుంటూ, అలాగైతే బహువచనం లు కూడా తీసేయాలన్నారు. ఇంగ్లీషు ఆటలో బహువచనం మరీ తేలిక కాకుండా ఎస్ బిళ్ళలు నాలుగే ఉంటాయి, మనకి ల ఎనిమిది ఉన్నాయని ఆవిడ వాదన. సరేనని రెండు ఆటలు గమనించాం. తెలుగులో లు అంత సులభంగా అతకదు. చెట్టు చెట్లు అవుతుంది, పుస్తకం పుస్తకాలు, పిల్లి పిల్లులు, ఇల్లు ఇళ్లు. రాసిన గుణింతం మారకూడదు కాబట్టి ఇవేవీ కుదరవు. మేక, కుక్క, ఆవు లాంటివాటికే లు తగిలించగలం. భాషే అడ్డుకుంటోంది, మళ్ళీ నియమం ఎందుకని లు ఉంచేశాం.

రెండోది నాకు సంబంధించింది. 13వ ఆట. అత్తయ్యగారు "తవ్వ" రాశారు. నేనెప్పుడూ వినలేదు, సవాలు చేశాను. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నిఘంటువులో ఉంది. నా వంతు పోయింది. మళ్ళీ నా వంతు వచ్చాక మూడు రెట్ల గడి మీదుగా "తొవ్వ" రాశాను. త 1, వ 2, ఒత్తు వ 2, మొత్తం 5, మూడు రెట్లు 15. ఈసారి సవాలు ఆవిడది. నిఘంటువులో త్రోవ ఉంది, తొవ్వ లేదు. అది కావ్యభాషకి పెద్దపీట వేసిన పుస్తకం, మా ఊళ్ళో పొద్దున లేస్తే పలికే మాటకి అందులో చోటు లేదు. నాకు నిజంగా బాధేసింది. మా అమ్మ రోజుకి పదిసార్లు అనే మాటని ఈ బోర్డు మీద తప్పు అని కొట్టేస్తుంటే ఊరుకోలేకపోయాను.

పాప చెప్పిన పరిష్కారం ఇప్పుడు మా నియమం:

1. నిఘంటువులో లేని మాట అయితే, ఆ ప్రాంతం మనిషికి ఫోన్ చేయాలి. స్పీకర్ ఆన్‌లో ఉండాలి.
2. మాట ఒక్కటే చెప్పి అర్థం అడగాలి. వాక్యం చెప్పకూడదు, ఆట అని చెప్పకూడదు.
3. ఆగకుండా అర్థం చెబితే మాట చెల్లుతుంది. "ఏమో" అంటే వంతు పోతుంది.
4. ఒక్కొక్కరికి ఆటకి ఒక్క ఫోనే.

మా అన్నకి చేశాం. "తొవ్వంటే తొవ్వనే, బాట. ఏమైంది చెల్లె, తొవ్వ తప్పిండ్రా?" అన్నాడు. 15 మార్కులు నిలిచాయి. ఆ ఆట నేను గెలిచాను, నా మొదటి గెలుపు. తర్వాతి ఆటలో అత్తయ్యగారు "పుంత" రాసి, నేను నోరు తెరవకముందే అమలాపురంలో వాళ్ళ చెల్లెలికి ఫోన్ కలిపారు. "పొలాలకెళ్ళే దారి" అని ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు. ఒకే బోర్డు మీద కాకపోయినా, వరసగా రెండు ఆటల్లో రెండు దారులు.

ఖర్చు: పట్టీల కోత 200, స్టిక్కర్ ప్రింట్లు 125, ఉప్పుకాగితం 40, కొత్త ఫ్లెక్సీ 100, ఈసారి 13 గళ్ళు 13 వరసలు. ఈ దశకి 465, మొత్తం 690.
సమయం: మొత్తం 34 గంటలు, అందులో లెక్కింపుకే 7.
గెలుపులు, 14 ఆటలకి (రద్దైంది కలపలేదు): అత్తయ్యగారు 8, ఆయన 3, పాప 2, నేను 1.

దశ 4: 120 బిళ్ళలు, ఖాళీ బిళ్ళ గుట్టు

ఒత్తుల గిన్నె బిళ్ళలు మింగేయడంతో ఆట త్వరగా అయిపోయేది. అందుకని 100ని 120 చేశాను. ఇప్పటి పంపకం:

అచ్చులు: అ/ఆ 5, ఇ/ఈ 3, ఉ/ఊ 3, ఎ/ఏ/ఐ 3, ఒ/ఓ/ఔ 2. ఒక్కోటి 2 మార్కులు.
1 మార్కు: ర 8, ల 8, న 8, క 8, త 7, మ 7.
2 మార్కులు: ప 6, వ 6, డ 5, ద 5, చ 4.
3 మార్కులు: గ 4, ట 4, స 4, య 4, బ 3.
5 మార్కులు: జ 2, ళ 1, ణ 1, శ 1, హ 1, ష 1.
8 మార్కులు: ధ, భ, ఖ, థ ఒక్కొక్కటి.
ఖాళీ 2, మార్కులు లేవు. ఘ, ఠ, ఫ లాంటివి వీటితోనే.

17, 18, 19 ఆటలు వరసగా పాపే గెలిచింది, మూడింట్లోనూ రెండు ఖాళీ బిళ్ళలూ తనకే వచ్చాయి. అత్తయ్యగారు ఏమీ అనలేదు కానీ సంచి అడిగి తీసుకుని, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి, ఖాళీ బిళ్ళ తీసి బల్లమీద పెట్టారు. మళ్ళీ పెట్టి రెండోదీ తీశారు. మిగతా వాటికి టేపు కింద స్టిక్కర్ ఉంది, దాని అంచు వేలికి తగులుతుంది. ఖాళీవాటికి స్టిక్కర్ వేయలేదు, నున్నగా ఉంటాయి. పాప ఒప్పేసుకుంది, మొదటిసారి అనుకోకుండా తెలిసిందట, తర్వాత రెండుసార్లు తెలిసే తీసిందట. ఆ రెండు ఆటలూ రద్దు చేయమని తనే అడిగింది. అత్తయ్యగారు వద్దన్నారు, తప్పు బిళ్ళలది, మనది కాదు అన్నారు. ఖాళీవాటికి కూడా తెల్ల స్టిక్కర్ వేసి టేపు చుట్టాను. తర్వాత కళ్ళకి గంతలు కట్టుకుని నలుగురం పదేసిసార్లు తీసి చూశాం. 40 సార్లలో ఖాళీ ఒక్కసారే వచ్చింది. మీరు చేసుకుంటే ఈ పరీక్ష మొదటిరోజే చేయండి.

ఇంకో రెండు మార్పులు. వంతుకి మూడు నిమిషాలు, ఫోన్‌లో టైమర్. అత్తయ్యగారు ఒకసారి తొమ్మిది నిమిషాలు ఆలోచించారు, పాపకి మర్నాడు లెక్కల పరీక్ష, అందరికీ టెన్షన్. రెండోది, విభక్తులు చెల్లవు: ఇంటికి, ఊళ్ళో, చేత్తో, ఇవేవీ వద్దు. క్రియల్లో నిఘంటువులో ఉన్న రూపం, లేదా రా, పో, తిను లాంటి ఆజ్ఞ మాత్రమే. లేకపోతే "వచ్చాడని" దాకా పోతుంది, దానికి అంతుండదు.

బిళ్ళలు నిలబెట్టే స్టాండ్లు మిగిలిన ప్లైవుడ్ పట్టీ మీద సన్న బీడింగు ఫెవికాల్‌తో అతికించి చేశాను. పట్టీకి వెనక్కి వాలు లేకపోతే బిళ్ళ ముందుకి పడుతుంది. కింద రెండు పొరల అట్ట పెట్టి వెనక్కి వాల్చితే నిలిచింది.

ఖర్చు: ఇంకో పట్టీ 50, ప్రింటు 25, బీడింగు 60. ఈ దశకి 135, మొత్తం 825.
సమయం: మొత్తం 43 గంటలు.
గెలుపులు, 24 ఆటలకి: అత్తయ్యగారు 11, పాప 6, ఆయన 4, నేను 3.

మిగిలిన పని

24వ ఆటలో అత్తయ్యగారు "లక్ష్మి" రాశారు. గళ్ళు రెండే, బిళ్ళలు నాలుగు: ల 1, క 1, ష 5, మ 1, మొత్తం 8. పేర్లు చెల్లవని పాప సవాలు చేసింది. సంపద అనే అర్థం ఉంది కాబట్టి మామూలు మాటగా చెల్లుతుందని ఆవిడ నిఘంటువు తెరిచి చూపించారు. పాప వంతు పోయింది, అయినా ఆట రెండు మార్కులతో పాపే గెలిచింది. కానీ అసలు సమస్య వేరే. 6 మిల్లీమీటర్ల చోటులో ష, మ రెండు ఒత్తులూ మార్కర్‌తో రాస్తే ముద్దయిపోయింది, పక్కనుంచి చూసిన మా ఆయన దాన్ని వేరే మాటగా చదివి దానికి తగిలించబోయారు. మార్కర్ మొన లావు రెండు మిల్లీమీటర్ల పైనే. సన్నమొన మార్కర్ తెప్పిస్తున్నాను, అదీ చాలకపోతే అత్తయ్యగారిచేత అక్షరాలన్నీ మళ్ళీ 10 మిల్లీమీటర్ల ఎత్తులో రాయించాలి. స్టిక్కర్లు పీకడానికి హెయిర్ డ్రయ్యర్ వేడి తగిలిస్తే చాలు, ఒక బిళ్ళ మీద చూశాను, చెక్క పాడవలేదు.